పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు: ఎక్స్-రే శోషణ డేటా విశ్లేషణ

ప్రశ్న: నేను విశాఖపట్నంలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. జింకు ఫెర్రైట్ నానోకణాలను తయారుచేసి, వాటిలోని ఇనుము ఎక్స్-రే శోషణ వర్ణపటాన్ని ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (తీవ్రమైన ఎక్స్-రే కిరణాలనిచ్చే యంత్రంలో) తీసుకొచ్చాము. ఆ డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ గురించి త్వరలో జరిగే ప్రాథమిక కార్యశాలలో నాకు అవకాశం దొరికింది. అథీనా, ఆర్టెమిస్ అన్న పేర్లు వినడమే గాని వాటిని ఎన్నడూ తెరిచి చూడలేదు. ఏమేమి సిద్ధం చేసుకుని వెళ్లాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ఏ మీట నొక్కితే ఏ గ్రాఫ్ వస్తుందో కార్యశాలలో ఎలాగూ చూపిస్తారు. మీ కొలత ఎలా జరిగిందో మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేరు కనుక, ముందుగా బీమ్‌లైన్ (సింక్రోట్రాన్‌లో మీరు కొలత చేసిన కేంద్రం) నోటుపుస్తకాన్ని దగ్గర పెట్టుకుని ముడి ఫైళ్లను తెరవండి. ఏ నిలువు వరుసలో శక్తి ఉంది, ఏ వరుసలో నమూనాకు ముందున్న డిటెక్టరు సంకేతం ఉంది, ఏ వరుసలో వెనకున్న డిటెక్టరు సంకేతం ఉంది అన్నది రాసి పెట్టుకోండి. కిరణాలు నమూనాలోంచి దూసుకుపోయే పద్ధతిలో కొలిచి ఉంటే ముందు సంకేతాన్ని వెనక సంకేతంతో భాగించి లాగరిథమ్ తీసుకోవాలి. కిరణాలు తాకినప్పుడు నమూనా వెదజల్లే ఎక్స్-రేలను కొలిచే ప్రతిదీప్తి పద్ధతిలో అయితే ప్రతిదీప్తి సంకేతాన్ని ముందు సంకేతంతో భాగిస్తే చాలు. ఈ తేడా తెలియకుండా ఫైలు ఎక్కిస్తే గ్రాఫ్ వస్తుంది గాని దానికి అర్థం ఉండదు.

రెండవది, ఇనుప రేకు కొలత. మీ నమూనాతోపాటే రేకును కూడా కొలిచి ఉంటే ఆ ఫైలును తప్పక తీసుకెళ్లండి. లోహపు ఇనుము కె-అంచు, అంటే శోషణ ఒక్కసారిగా పెరిగే శక్తి, 7112 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది. రేకు అంచును అక్కడికి సరిచేసి, అంతే జరుపును మీ నమూనాకూ ఇవ్వాలి. ఇనుము రెండు, మూడు వేలెన్సీ స్థితుల మధ్య అంచు కదిలేది కొద్ది ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి, ఇక్కడ రెండు వోల్టుల అశ్రద్ధ జరిగినా వేలెన్సీ గురించి మీరు రాసే వాక్యం తప్పైపోతుంది. అంచుకు ముందు, సుమారు 7114 దగ్గర కనిపించే చిన్న శిఖరాన్ని కూడా పెద్దది చేసి చూడండి. జింకు ఫెర్రైట్‌లో ఇనుము సాధారణంగా ఆరు ఆక్సిజన్ల నడుమ ఉంటుంది. నానోకణాల్లో కొంత ఇనుము నాలుగు ఆక్సిజన్ల స్థానాలకు మారితే ఆ శిఖరం ఎత్తు పెరుగుతుంది. మీ పరిశోధనకు ఇది ప్రాణం వంటి విషయం.

ఇక సాధన. మొదట మీ నమూనాతో కాకుండా రాగి రేకు డేటాతో చేయాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే దాని జవాబు ముందే తెలుసు: అంచు 8979 ఎలక్ట్రాన్ వోల్టులు, చుట్టూ 12 పరమాణువులు, దూరం సుమారు 2.55 ఆంగ్‌స్ట్రామ్‌లు. అథీనాలో ఫోరియర్ రూపాంతరం (డేటాను దూరాల గ్రాఫ్‌గా మార్చే లెక్క) తీస్తే తొలి శిఖరం 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరే కనిపిస్తుంది. కంగారుపడకండి, ఎలక్ట్రాన్ తరంగం పక్క పరమాణువును తాకి తిరిగొచ్చేటప్పుడు దాని దశ మారడమే ఈ తేడాకు కారణం. ఈ గ్రాఫ్‌లోని శిఖర స్థానాన్ని నేరుగా బంధదూరంగా రాసేసిన వ్యాసాలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. దశమార్పును ఫెఫ్ అనే ప్రోగ్రాము లెక్కించి ఇస్తే, ఆర్టెమిస్ దానితో డేటాను పోల్చి అసలు దూరాన్ని రాబడుతుంది. ఆ లెక్కకు స్ఫటిక నిర్మాణం కావాలి గనుక జింకు ఫెర్రైట్ సి.ఐ.ఎఫ్. ఫైలును (స్ఫటిక నిర్మాణ వివరాలుండే ఫైలును) ముందే దించుకోండి.

నేపథ్యాన్ని తీసివేసేటప్పుడు అథీనాలో ఆర్-బి-కె-జి అనే విలువ ఒకటి ఉంటుంది. దానికంటే తక్కువ దూరాల్లోని సంకేతాన్ని అథీనా నేపథ్యంగా లెక్కిస్తుంది. మామూలుగా 1 ఆంగ్‌స్ట్రామ్ ఉంటుంది. గ్రాఫ్ ఎడమవైపు శుభ్రంగా కనబడాలని దాన్ని 1.5కు పెంచారంటే, సరిగ్గా అక్కడే ఉండే మీ ఇనుము–ఆక్సిజన్ సంకేతం కూడా నేపథ్యంతో కలిసి కొట్టుకుపోతుంది. విలువను కొంచెం కొంచెంగా మార్చుతూ గ్రాఫ్ ఎలా మారుతుందో స్వయంగా చూసి వెళ్లండి.

మరొక్క లెక్క కాగితం మీద చేసుకోండి. ఎలక్ట్రాన్ తరంగసంఖ్యలో (k) 3 నుంచి 11 వరకు, దూరంలో 1 నుంచి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు తీసుకుంటే, రెండు వెడల్పుల లబ్ధాన్ని రెట్టింపు చేసి పై (3.14) విలువతో భాగించగా సుమారు 5 వస్తుంది. ఆ డేటాలో ఉన్న స్వతంత్ర సమాచారం అంతే. సంకేతపు ఎత్తు (యాంప్లిట్యూడ్), శక్తి జరుపు, దూరం మార్పు, అస్తవ్యస్తత అనే నాలుగు చరరాశులతోనే అది దాదాపు నిండిపోతుంది. అందువల్ల ఏ చరరాశిని స్వేచ్ఛగా మారనివ్వాలి, దేన్ని ప్రామాణిక నమూనా నుంచి తెచ్చి స్థిరంగా ఉంచాలి అన్న ప్రశ్నలు రాసుకుని వెళితే, బోధకుల సమయం మీకు నిజంగా ఉపయోగపడుతుంది.

ప్రశ్న: ఆ కార్యశాలకు వస్తున్న మా విద్యార్థుల్లో కొందరి ల్యాప్‌టాప్‌లలో విండోస్, మరికొందరికి లినక్స్ ఉన్నాయి. ఈ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టాలా?
– ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు, గాజువాక

జవాబు: అక్కర్లేదు, అంతా ఉచితమే. అథీనా, ఆర్టెమిస్ రెండూ డిమీటర్ అనే ఒకే ప్యాకేజీలో వస్తాయి. విండోస్ వారికి ఇది సులువు. లినక్స్, మ్యాక్ వారికి పైథాన్‌లో రాసిన లార్చ్ మేలు. అది విండోస్‌లోనూ నడుస్తుంది. ఇన్‌స్టాలేషన్ ఇంటి దగ్గరే పూర్తిచేయించండి. అందరూ ఒకేసారి దించుకోవడం మొదలుపెడితే కార్యశాల తొలిపూట దానికే సరిపోతుంది. ఫైళ్లకు, ఫోల్డర్లకు ఖాళీలు లేని ఇంగ్లీషు పేర్లే పెట్టించండి, ఒక్కొక్కరి చేత రాగి రేకు ఫైలును ఒకసారి తెరిపించి చూడండి.