సాలరీ ఉద్యోగమైతే లంచ్ బ్రేక్ ఉండదా?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మెడికల్ బిల్లింగ్ ఆఫీసులో ఏడాదికి 58,000 డాలర్ల జీతానికి చేరిన మీ చెల్లెలితో "నువ్వు సాలరీ మీద ఉన్నావు, లంచ్ బ్రేక్ చట్టం గంటల లెక్కన పనిచేసేవాళ్లకే" అన్నారట ఆమె మేనేజరు. అది తప్పండి. ఇక్కడి చిన్న ఆఫీసుల్లో ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, చెప్పేవాళ్లు కూడా నిజమనుకునే చెబుతారు.

కాలిఫోర్నియాలో జీతం ఏ లెక్కన ఇస్తున్నారన్నది ముఖ్యం కాదు. ఉద్యోగి ఎగ్జెంప్టా (ఈ నియమాల నుంచి మినహాయింపు ఉన్నవారా), నాన్-ఎగ్జెంప్టా (మినహాయింపు లేనివారా) అన్నదే చూస్తారు. మామూలు ఆఫీసు ఉద్యోగిని ఎగ్జెంప్ట్ అనాలంటే రెండు షరతులూ కుదరాలి. జీతం రాష్ట్ర కనీస వేతనానికి రెట్టింపుకు తగ్గకూడదు. 2026లో కనీస వేతనం గంటకు 16.90 డాలర్లు కాబట్టి, ఆ లెక్క ఏడాదికి 70,304 డాలర్లకు తేలుతుంది. పనివేళల్లో సగానికి పైగా సొంత విచక్షణతో నిర్ణయాలు తీసుకునే పని కూడా అయి ఉండాలి. క్లెయిములు ఎక్కించడం, ఇన్సూరెన్సు కంపెనీలకు ఫోన్లు చేయడం ఆ కోవలోకి రావు. కార్డు మీద 'లీడ్' అనో 'కోఆర్డినేటర్' అనో అచ్చువేసినా అంతే. మీ చెల్లెలి విషయంలో అంత దూరం కూడా వెళ్లనక్కరలేదు, జీతం దగ్గరే తేలిపోయింది. ఆమె నాన్-ఎగ్జెంప్ట్.

అంటే రోజుకు అయిదు గంటలు దాటి పనిచేస్తే అరగంట భోజన విరామం ఇవ్వాలి. అదీ అయిదో గంట పూర్తికాకముందే మొదలుకావాలి. ఆ రోజు పని మొత్తం ఆరు గంటలకు మించకపోతే, ఇద్దరూ ఒప్పుకొని దాన్ని వదులుకోవచ్చు. పది గంటలు దాటితే ఇంకో అరగంట. ఇవి కాక ఎనిమిది గంటల పనిలో రెండుసార్లు పదేసి నిమిషాల విశ్రాంతి, జీతంతోనే. భోజన విరామం ఇవ్వని రోజుకు ఒక గంట వేతనం అదనంగా చెల్లించాలి. విశ్రాంతి ఇవ్వకపోతే దానికి వేరే ఒక గంట.

2022లో నేను శాన్ హోసేలో ఒక డెంటల్ క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ చూసేదాన్ని. జీతం 54,000. పన్నెండున్నరకు డబ్బా తెరిచేదాన్ని కానీ హెడ్‌సెట్ మెడలోనే ఉండేది. పెరుగన్నం రెండు ముద్దలు నోట్లో పడేసరికి ఫోను మోగేది. ఎడమచేత్తో మౌసు పట్టుకొని ఎవరిదో అపాయింట్‌మెంటు మార్చి, మళ్లీ డబ్బా దగ్గరికి. టైమ్‌షీట్‌లో మాత్రం 12:30 నుంచి 1:00 దాకా 'లంచ్' అని దానంతటదే పడిపోయేది. అడిగితే "రోజూ తింటూనే ఉన్నారు కదా" అన్నారు మేనేజరు! తినడం వేరు, విరామం వేరు. ఆ అరగంట ఏ పనీ అప్పగించకూడదు, కావాలంటే బయటికి వెళ్లిరాగలగాలి. రాష్ట్ర సుప్రీంకోర్టు 2012లో బ్రింకర్ కేసులో చెప్పింది ఇదే. విరామంలో మనం నిజంగా పని మానామా లేదా అని యజమాని కాపలా కాయనక్కరలేదని కూడా అదే తీర్పులో ఉంది. కాబట్టి ఫోను ఎత్తే బాధ్యత ఎవరు పెట్టారన్నది రాతలో ఉండటం మంచిది.

నేను వాదన పెట్టుకోలేదు. లంచ్ సమయంలో నేను ఎత్తిన కాల్స్ తేదీలతో సహా రాసి, "ఈ సమయంలో ఫోను ఎవరు చూడాలి?" అని ఈమెయిల్ పెట్టాను. నా గంట వేతనం ఎంతో వాళ్లే లెక్కచూసుకున్నారు: 54,000ను 52తో, ఆపైన 40తో భాగిస్తే గంటకు 25.96 డాలర్లు. తర్వాతి జీతం చీటీలో 'మీల్ ప్రీమియం' అని, అంటే విరామం ఇవ్వనందుకు కట్టే ఆ అదనపు వేతనం అని, కొత్త వరుస కనిపించింది. ఆ తర్వాత మధ్యాహ్నం ఫోను ఇంకొకరికి అప్పగించారు. మంచి మాటల కన్నా ఆ వరుసే త్వరగా పనిచేసిందని నా అనుమానం.

నిజంగా ఎగ్జెంప్ట్ అయినవారి సంగతి వేరు. మావారు సాఫ్ట్‌వేర్‌లో ఎగ్జెంప్ట్ కాబట్టి ఈ విరామాల నియమాలు ఆయనకు వర్తించవు, మీటింగుల మధ్య దొరికినప్పుడు తినడమే. కాకపోతే ఆయన భోజనానికి రెండు గంటలు వెళ్లొచ్చినా ఆ మేరకు జీతం కోయకూడదు.

ఇదంతా కాలిఫోర్నియా మాట. ఫెడరల్ చట్టం పెద్దవాళ్లకు భోజన విరామం ఇవ్వాలనే అనదు. టెక్సాస్ కూడా అంతే. కానీ ఇచ్చిన విరామం అయిదు నుంచి ఇరవై నిమిషాల్లోపుదైతే దాన్ని పనివేళల్లోనే లెక్కకట్టాలి. న్యూయార్క్‌లో మాత్రం మధ్యాహ్నం మీదుగా సాగే, ఆరు గంటలు దాటిన షిఫ్టుకు అరగంట తప్పనిసరి, మేనేజర్లకు కూడా.

మీ చెల్లెలిని ముందు ఆఫర్ లెటర్‌లో ఎగ్జెంప్ట్ అని రాశారో లేదో చూడమనండి. తర్వాత బ్రేకు దొరకని రోజులు తన సొంత ఫోనులో తేదీలతో రాసుకోమనండి. ఆఫీసు కంప్యూటర్‌లో వద్దు. ప్రీమియం అడగడానికి మూడేళ్ల దాకా గడువుంది కాబట్టి కంగారు లేదు. నాలాగే ఈమెయిల్ పెట్టి, జవాబు రాకపోతే లేబర్ కమిషనర్ ఆఫీసులో ఉచితంగానే ఫిర్యాదు చేయవచ్చు. వీసా సంగతి అక్కడ అడగరు. ప్రీమియం అడిగినందుకు ఉద్యోగంలోంచి తీసేస్తే అది విడిగా ఇంకో ఉల్లంఘన అవుతుంది.