మూడో పేజీ ముందు చదువు

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఐదు నెలలు ఒక్కదానివే దేశాలు తిరగబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తను ఏడుపు గొంతుతో చెబుతుంటే నాకేమో లోపల గర్వం, మా ఆడపిల్లల్లో ఇంత ధైర్యం ఎవరికుందీ అని. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

పాస్‌పోర్ట్ గడువు చూసుకో, మందుల చీటీ దగ్గర పెట్టుకో. అవి నీకు ఒకరు చెప్పక్కర్లేదు. నా టెన్షన్ అంతా ఇన్సూరెన్స్ గురించి. "తీసుకున్నాలే పెద్దమ్మా" అంటావు. నేనూ తీసుకున్నాను మరి.

మీ పెదనాన్నా నేనూ మూడు నెలల ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఏడాది పాలసీ తీసుకున్నాం. ఏడాదంతా ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు అన్నారు. మొదటి పేజీలో పెద్ద అంకె చూసి మురిసిపోయి, కాగితం మడిచి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టింది నేనే. యాభై రెండో రోజున ఆయన మెట్ల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. నేను ధీమాగా ఫోన్ చేసి పాలసీ నంబర్ చదివాను. అవతల అమ్మాయి అడిగింది ఒక్కటే: "మీరు ఇంటి నుంచి బయల్దేరిన తేదీ ఏదండీ?" చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా చెప్పింది, ఒక్కో ప్రయాణానికి 45 రోజులే, అది దాటిపోయిందని. ఆ ముక్క మూడో పేజీలో ఉంది. పాలసీ బతికే ఉంది, మా ప్రయాణానికే గడువు తీరిపోయింది.

స్ట్రెచర్ మీద నుంచి ఆయన "ఏమన్నారోయ్?" అన్నారు. "వాళ్లే చూసుకుంటారట" అని అబద్ధం చెప్పాను. దాచుకున్నదంతా ఊడ్చి బిల్లు కట్టాక గానీ నిజం బయటపెట్టలేదు. ఆయన కోప్పడలేదు. "ఓ వారం ముందే పడాల్సిందోయ్" అని నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అందుకని ముందు రోజులు లెక్కపెట్టు. నీ ఐదు నెలలూ ఒకే ప్రయాణంగా కవర్ అవుతున్నాయో లేదో రాతపూర్వకంగా అడుగు. అక్కడ ఇంకొన్నాళ్లు ఉండాలనిపిస్తే గడువు ముగియకముందే పొడిగించమని అడగాలి, ముగిశాక అడిగితే లాభం ఉండదు.

తర్వాత ఆ పెద్ద అంకెను నమ్మకు. దాని కింద పట్టికలో ఒక్కోదానికి విడిగా పరిమితి ఉంటుంది. సామాన్ల మొత్తానికి ఒకటి, అందులో ఒక్కో వస్తువుకు ఇంకొకటి. నీ కెమెరా ఆ రెండోదాన్ని దాటుతుందని నా అనుమానం. ప్రతి క్లెయిమ్‌లో మొదట నీ జేబులోంచి పోయే వాటా ఎంతో చూడు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెన్‌గెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ ఉండాలంటారు. అది వీసాకు సరిపడే మొత్తం, ఆపరేషన్‌కు సరిపడుతుందని కాదు. ఒంట్లో బాగాలేనివాళ్లను విమానంలో ఇంటికి చేర్చే ఖర్చు అందులో కలిసి ఉందా, విడిగా ఉందా అన్నదీ కనుక్కో. ఇది రాస్తుంటే చెయ్యి వణుకుతోంది, అయినా కనుక్కో.

నీ ఉబ్బసం గురించి ఫారంలో దాచావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను. దాచిన జబ్బు బయటపడితే క్లెయిమ్ కొట్టేస్తారు. అద్దె స్కూటర్ కనబడితే నీ కాళ్లు ఆగవని నాకు తెలుసు. అక్కడ చెల్లే లైసెన్స్ లేకుండా నడిపి పడితే పైసా రాకపోవచ్చు. హెల్మెట్ సంగతి సరేసరి. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి, ఏడవకుండా మోకాలు ఊదుకుంటూ నా దగ్గరికొచ్చిన పిల్లవి. అక్కడ ఊదడానికి నేనుండను కదమ్మా.

పాలసీ కాపీ వాట్సాప్‌లో పంపు. కళ్లజోడు మార్పించుకున్నాను, చిన్నక్షరాలు బాగానే కనబడుతున్నాయి. మొదటి పేజీ పంపక్కర్లేదు.

నీ పెద్దమ్మ