రెండు వంకాయలతో ఇంటిల్లిపాదికీ కూర కాదు గానీ, శాండ్‌విచ్‌లు అవుతాయి

మేడ మీద కుండీల్లో కూరగాయలు పెంచుతుంటే ఒక రోజు రెండు వంకాయలు, ఇంకో రోజు ఒక దోసకాయ, నాలుగు టమాటాలు వస్తున్నాయి, కూరకు చాలడం లేదు, బజారువాటితో కలిపి వండితే మనవి ఏవో తెలియడం లేదు, బ్రెడ్‌లో పెట్టి ఏమైనా చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చండి. నిజానికి మేడ తోటకు అంతకన్నా సరిపోయే వంట నాకు కనిపించలేదు. కూరకు అరకిలో కావాలి. శాండ్‌విచ్‌కు ఒక్క కాయ చాలు, పైగా ఆ ఒక్క కాయ రుచి విడిగా నాలుకకు తెలుస్తుంది.

మాది హైదరాబాద్. మేడ మీద 22 కుండీలు, గ్రో బ్యాగులు ఉన్నాయి. మొదటి ఏడాది నేను కూడా అందరిలాగే టమాటా చక్రాలు, కీరా చక్రాలు కోసి, ఉప్పు చల్లి, రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి పాప బాక్సులో సర్దాను. మధ్యాహ్నానికి బ్రెడ్ నీళ్లన్నీ పీల్చుకుని బాక్సుకు అంటుకుపోయిందట. తినకుండా తెచ్చేసింది. అవి మా మొదటి కాపు టమాటాలు. చాలా బాధేసింది.

తప్పు ఉప్పు దగ్గర జరిగింది. కోసిన ముక్క మీద ఉప్పు పడగానే లోపలి నీరు బయటికొస్తుంది. ఆవకాయలో మనకు కావలసింది అదే, బ్రెడ్‌లో వద్దనుకునేదీ అదే. ఆ తర్వాత రెండు పనులు అలవాటు చేసుకున్నాను. బ్రెడ్ లోపలి వైపు రెండు ముక్కలకూ వెన్న అంచుల దాకా రాస్తాను, నీళ్లు లోపలికి దిగవు. రెండోది, కూరగాయ కింద ఏదో ఒక పొడి చల్లుతాను. పొడి నీళ్లు తాగేసి తనే ముద్దగా మారుతుంది. మన ఇళ్లల్లో పొడులకు కొదవేముంది చెప్పండి!

అలా వచ్చిందే మా ఇంట్లో అందరికీ ఇష్టమైన కందిపొడి టమాటా శాండ్‌విచ్. 2023 జూలైలో టమాటా కిలో 150 రూపాయలు దాటిన రోజులు గుర్తున్నాయి కదా. ఎండల్లో షేడ్ నెట్ కట్టి కాపాడుకున్న రెండు మొక్కలు అప్పుడు రోజుకు రెండు మూడు కాయలు ఇచ్చేవి. వాటిని పప్పులో వేసి మాయం చేయడానికి మనసొప్పలేదు. బ్రెడ్‌కు నెయ్యి రాసి పెనం మీద ఒకవైపే కాల్చాను. కాలిన వైపు లోపలికి వచ్చేలా పెట్టి, రెండు చెంచాల కందిపొడి పరిచి, దాని మీద అర అంగుళం మందాన టమాటా చక్రాలు పెట్టాను. పొడిలో ఉప్పు ఎలాగూ ఉంటుంది కాబట్టి విడిగా వేయలేదు. కొరికితే ముందు కరకర, తర్వాత వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి కలుపుకున్న రుచి, చివర్న టమాటా పులుపు. టమాటా మాత్రం చెట్టు మీదే బాగా పండాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చల్లదనానికి ఆ వాసన చచ్చిపోతుంది.

వంకాయల సంగతికి వస్తాను. రెండు కాయలకు నూనె రాసి, చాకుతో నాలుగు గాట్లు పెట్టి, నేరుగా స్టవ్ మంట మీద తిప్పుతూ కాల్చండి. తొక్క నల్లగా పెళుసెక్కి, కాయ నడుం వంగి, గాట్ల నుంచి బుడబుడమని రసం కారడం మొదలైతే అయినట్టు. గిన్నె మూత కింద అయిదు నిమిషాలు ఉంచితే తొక్క వేలితోనే వచ్చేస్తుంది. పక్కనే రెండు పచ్చిమిరపకాయలు కాల్చి, ఉప్పు, చిటికెడు చింతపండుతో దంచి, వంకాయను చేత్తోనే మెదిపి కలపండి. మిక్సీ వద్దు, జిగురొస్తుంది. పోపులో మినప్పప్పు కాస్త ఎక్కువే వేయండి, మెత్తటి పచ్చడి మధ్య అది పంటి కింద తగలాలి. పచ్చి ఉల్లిపాయ ముక్కలు బ్రెడ్‌లో పెట్టే ముందే కలపాలి. ఇలా పెట్టి రెండు వైపులా పెనం మీద బరువు పెట్టి కాలిస్తే, రెండు వంకాయలకు నాలుగు శాండ్‌విచ్‌లు వస్తాయి.

గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యకు మొదట ఇది నచ్చలేదు. "జ్వరమొస్తే పాలల్లో ముంచుకు తినే రొట్టెలు కదమ్మా ఇవి, ఒంట్లో బాగానే ఉంది నాకు" అన్నారు. మన పెద్దవాళ్లందరికీ బ్రెడ్ అంటే ఆసుపత్రే గుర్తొస్తుంది, ఆమె తప్పేం లేదు. పచ్చడి మాత్రం గిన్నెలోంచి వేలితో తీసి రుచి చూశారు. మరుసటి రోజు సాయంత్రం ఆవిడే మేడెక్కి గుప్పెడు గోంగూర కోసుకొచ్చి, పచ్చిమిర్చితో మగ్గించి, వెల్లుల్లి వేసి నూరి, "దీన్ని పెట్టి ఇవ్వు చూద్దాం" అన్నారు. కుండీ గోంగూర మగ్గితే రెండు మూడు చెంచాలే మిగులుతుంది, అన్నంలోకి ఒక్కరికి కూడా చాలదు. బ్రెడ్ మీద పలుచగా రాస్తే ముగ్గురం తిన్నాం. గోంగూరకు వెన్న ధారాళంగా పడాలి, ఉల్లిపాయ తప్పనిసరి. ఇప్పుడు ఆవిడ ఊరికెళ్లినా ఇదే చేయించుకుంటున్నారు, బ్రెడ్ బదులు జొన్నరొట్టెలో చుట్టి.

వానాకాలం అయితే వామాకు బజ్జీ. వామాకు కొమ్మ తుంచి గుచ్చితే చాలు బతికేస్తుంది, ఏ పెంపకం రానివాళ్లకైనా పెరుగుతుంది. ఆకులు తడి లేకుండా తుడిచి, కొద్దిగా బియ్యప్పిండి కలిపిన శనగపిండిలో ముంచి వేయించి, ఒక్కో శాండ్‌విచ్‌లో మూడు బజ్జీలు, నిమ్మరసం పిండిన ఉల్లిపాయలు. వేడిగా ఉండగానే తినాలి. బాక్సులకు పనికిరాదు. బచ్చలాకుతోనూ చేయొచ్చు గానీ వామాకు ఘాటు దానికి రాదు.

బీరకాయ చెక్కు పచ్చడి కూడా బాగుంటుంది, లోపలి గుజ్జు మాత్రం వద్దు, అంతా నీరే. సొరకాయ తురుముతో రెండుసార్లు ప్రయత్నించాను, గట్టిగా పిండినా మళ్లీ నీరు ఊరింది, ఇక మానేశాను. బెండకాయ చక్రాలు కరకరలాడేలా వేయించి వేరుశనగలతో పెడితే రుచే, పది నిమిషాల్లో మెత్తబడిపోతాయి.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలనుంది. ఇంటి దోసకాయ, కీరా, సొర, బీర ఏదైనా సరే, కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి. ఎండకు, నీళ్లు సరిగా అందక ఒక్కోసారి చేదెక్కుతాయి. చేదు ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. పచ్చివి అయినా వండినవి అయినా చేదు కాయలు తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. పెంచిన కాయ కదా అని మొహమాటపడొద్దు.

ఇక మీ దగ్గరున్న ఆ ఒక్క దోసకాయ. పసుపుపచ్చటి గుండ్రటి దోసకాయే అయితే తొక్క తీయకండి, గింజలు తీసేసి బఠానీ గింజంత ముక్కలు కోయండి. అర చెంచా ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచి, వచ్చిన నీళ్లు పిండేయండి. అందులో అర చెంచా ఆవపిండి, చెంచా కారం, రెండు చెంచాల నువ్వుల నూనె కలిపితే అప్పటికప్పుడు దోసావకాయ. కాల్చని బ్రెడ్‌కు వెన్న రాసి, నువ్వుల పొడి చల్లి, ఇది పరవండి. చల్లగా, ఘాటుగా, కరకరమంటూ ఉంటుంది. ఆవ ఘాటు అరగంట ఊరితే పెరుగుతుంది కాబట్టి పిల్లలకైతే వెంటనే పెట్టేయండి, మీకైతే కాసేపు ఆగండి. పిండిన నీళ్లు పారబోయకండి, అందులో ఉప్పు ఉంటుంది గనక మొక్కలకూ వద్దు, మజ్జిగలో కలుపుకుని తాగేయండి.