కుందేళ్లు: ముందు మగవాటిని వేరు చెయ్యి

తమ్ముడూ, విజయనగరంలో అద్దె ఇంట్లో రెండు కుందేళ్లు పెంచితే ఏడాదిలో పద్నాలుగయ్యాయని, వాసన భరించలేక ఓనర్ ఖాళీ చెయ్యమంటున్నారని రాశావు. టెన్షన్ పడకు. ఈ రాత్రికే మగవాటిని వేరే బోనుల్లోకి మార్చు, ఒక్కోదానికి ఒక్కో అర. కలిపి ఉంచితే రక్తాలొచ్చేలా కొట్టుకుంటాయి. ఆడది ఈనిన రోజే మళ్లీ చూడి కట్టగలదు, 31 రోజులకు ఇంకో ఈత. పిల్లల్ని కూడా మూడు నెలలు నిండకముందే ఆడా మగా విడదీయాలి.

వాసన ఉచ్చది. నేను బోను కింద రేకు ట్రేలో రంపపు పొట్టు పరిచి రోజూ పొద్దున్నే మార్చేవాణ్ణి. తెల్లగా పేరుకుపోయిన మరకల మీద వెనిగర్ పోసి రుద్దితే వదిలేవి. అది కళ్లారా చూశాకే మా ఓనరమ్మ మెత్తబడింది. నువ్వూ ఎన్ని ఉంచుకుంటావో, మిగతావి ఏ తేదీకి పెంచుకునేవాళ్లకి ఇచ్చేస్తావో ఆయనకి చెప్పు. ఊరి బయట తోటల్లో మాత్రం వదలకు. ఒక్క రాత్రిలో కుక్కల పాలవుతాయి.