10 మీద పవర్లు వేరుగా ఉంటే తీసివేత ఎలా చేయాలి?

మీరడిగింది 2.31×10⁻³⁰ లోంచి 9.11×10⁻³¹ తీసేస్తే ఎంత అని, మీకేమో −6.8 వస్తోందన్నారు. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, ఏటా ఎవరో ఒకరు ఇలాగే చేసుకొస్తారు, ఎందుకంటే గుణకారంలో ముందు నంబర్లు విడిగా పవర్లు విడిగా చూసుకోవడం బాగా అలవాటైపోయి ఉంటుంది, అదే తీసివేతలోనూ చేసేస్తారు. ఇక్కడ కుదరదండి. పవర్లు రెండూ ఒకటైతేనే ముందున్న నంబర్లని తీసేయాలి, రూపాయల్లోంచి పైసలు తీసేయాలంటే ముందు రెండిట్నీ పైసల్లోకి మార్చుకున్నట్టే.

ముందు ఏ పవర్ పెద్దదో చూడండి. మైనస్ పవర్లప్పుడు ఎక్కువమంది తడబడేది ఇక్కడే, −31 కన్నా −30 పెద్దది. చిన్న పవర్ ఉన్నదాన్ని పెద్దదాంట్లోకి తెచ్చుకోండి, పవర్ ఒకటి పెరిగితే పాయింట్ ఒక స్థానం ఎడమకి జరుగుతుంది, అంటే 9.11×10⁻³¹ కాస్తా 0.911×10⁻³⁰ అవుతుంది. ఇప్పుడు 2.31 − 0.911 = 1.399. కానీ 2.31లో పాయింట్ తర్వాత రెండంకెలే ఉన్నాయి కదా, అందుకని జవాబు 1.40×10⁻³⁰ అని రాయాలి, ఆ చివరి సున్నా మాత్రం దయచేసి కొట్టేయకండి, అక్కడిదాకా మనకి కచ్చితంగా తెలుసు అని చెప్పేది అదే.

అసలు మీ లెక్కలో నంబర్లు ఊరికే ఇచ్చినవి కావు. న్యూట్రాన్ ద్రవ్యరాశి 1.67493×10⁻²⁷ కిలోలు, ప్రోటాన్‌ది 1.67262×10⁻²⁷. పవర్లు ఒకటే కాబట్టి నేరుగా తీసేస్తే 0.00231×10⁻²⁷, అంటే మీ 2.31×10⁻³⁰. ఆరు నమ్మదగ్గ అంకెలతో, అంటే సిగ్నిఫికెంట్ ఫిగర్స్‌తో మొదలుపెడితే మూడే మిగిలాయి చూడండి! మొదట్లోనే రెండిట్నీ 1.67 అని రౌండ్ చేసేస్తే తేడా సున్నా వచ్చేస్తుంది, అందుకే దగ్గరదగ్గరగా ఉన్న నంబర్లు తీసేసేటప్పుడు రౌండింగ్ చివర్లోనే చేయమని పిల్లలకి పదేపదే చెప్తాను. ఇక 9.11×10⁻³¹ ఎలక్ట్రాన్‌ది. అది కూడా తీసేశాక మిగిలిన 1.40×10⁻³⁰ కిలోల్ని కాంతి వేగం వర్గంతో గుణిస్తే సుమారు 0.78 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తిని కొలిచే యూనిట్), న్యూట్రాన్ బీటా క్షయంలో, అంటే అది ప్రోటాన్, ఎలక్ట్రాన్‌లుగా విడిపోయేటప్పుడు, బయటికొచ్చే శక్తి అదే. మీకొచ్చినట్టు మైనస్ వస్తే స్వేచ్ఛగా ఉన్న న్యూట్రాన్ అలా విడిపోవడమే సాధ్యం కాదు.

ఈఏపీసెట్‌లో కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి చేత్తోనే అలవాటు చేసుకోండి. ఇది చేసి చూడండి: 1.496×10⁸ కి.మీ. లోంచి 3.84×10⁵ కి.మీ., 1.492×10⁸ రావాలి.