సోషియాలజీ అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది గుంతకల్లు. రైల్వేలో పనిచేస్తున్నాను. మా నాయన కళ్యాణదుర్గం దగ్గర వేరుశనగ పండించేవారు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది, ఈఏపీసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. ఇప్పుడు సోషియాలజీ చదువుతానంటోంది. పారిశ్రామికానంతర సమాజం, మారుతున్న విలువలు అంటూ ఏవో పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటోంది. వెబ్ ఆప్షన్ల పాస్‌వర్డు నా దగ్గరే ఉంది కాబట్టి ఇంజనీరింగులో కృత్రిమ మేధ (ఏఐ) బ్రాంచి పెట్టేద్దామనుకుంటున్నాను. రెండు చదువులనూ పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో అసలు ప్రశ్న వేరుశనగ దగ్గరే ఉంది. వానను నమ్ముకున్న ఇంట్లో పుట్టి, ఒకటో తారీఖును నమ్ముకునే ఇంటికి చేరారు. కూతురు మళ్లీ ఆకాశం వైపు చూసే బతుకులోకి వెళుతుందేమోనని మీ భయం. అనంతపురంలోని మా కౌన్సెలింగ్ గదికి ఏటా వేసవిలో ఇదే భయం రకరకాల ఫైళ్లలో వస్తుంది.

తమాషా ఏమిటంటే, మీ భయానికి కారణం మీ అమ్మాయి చదివే పుస్తకాల్లోనే ఉంది. పారిశ్రామికానంతర సమాజం గురించి ఫ్రాన్సులో అలెన్ తురేన్ 1969లో, అమెరికాలో డేనియల్ బెల్ 1973లో, సోషియాలజీ పండితులిద్దరూ, పుస్తకాలు రాశారు. ఫ్యాక్టరీల్లో సరుకు తయారుచేసేవారికంటే సేవలు అందించేవారు పెరుగుతారని, శాస్త్రీయ జ్ఞానమే సమాజానికి ఇరుసు అవుతుందని బెల్ వాదించాడు. అమెరికాలో 1956 నాటికే కార్మికులకంటే ఆఫీసు ఉద్యోగుల సంఖ్య ఎక్కువైందని చూపించాడు. అలాంటి దేశాల్లో మనుషుల కోరికలు ఎలా మారాయన్నది అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్ పట్టుకున్న ప్రశ్న. యుద్ధం, కరువు చూసిన తరం భద్రతను కోరుతుంది. కడుపునిండా తిని పెరిగిన తరం తన మాట చెల్లాలని, నచ్చిన పని చేయాలని కోరుతుంది అన్నాడు. చిన్నతనంలో ఏర్పడిన ఈ మొగ్గు, తర్వాత జీతం పెరిగినా అంత తొందరగా పోదని కూడా అన్నాడు.

ఆయన సర్వేలో ఒక చిన్న ప్రశ్న ఉంది. దేశంలో శాంతిభద్రతలు కాపాడటం, ప్రభుత్వ నిర్ణయాల్లో ప్రజల మాటకు మరింత విలువ ఇవ్వడం, ధరల పెరుగుదలను అరికట్టడం, వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడటం. నాలుగింటిలో ముఖ్యమైనవి రెండు ఎంచుకోవాలి. గొడవపడుతూ వచ్చే కుటుంబాలకు నేను ఈ నాలుగూ కాగితం మీద రాసి ఇస్తుంటాను. ధర్మవరం నుంచి వచ్చిన ఒక నేత కుటుంబపు తల్లి చదవడం పూర్తికాకముందే ధరల మీద టిక్కు పెట్టింది, తర్వాత శాంతిభద్రతల మీద. కొడుకు మిగిలిన రెండూ పెట్టాడు. ఆమె అతని కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "వీడికి పట్టు ధర తెలియకుండా పెంచింది నేనే కదండీ" అంది. మీ ఇంట్లోనూ జరిగింది అదే. అమ్మాయికి నచ్చిన చదువు కోరుకునే ధైర్యం వచ్చిందంటే, అది మీ జీతం తెచ్చిన ధైర్యం. దాన్ని చూసి మీరే బెదిరిపోతే ఎలా?

ఇక కృత్రిమ మేధ. ఈ బ్రాంచి మీద నాకున్న అనుమానాలు దాచుకోను. విషయం గొప్పదే, కాదనను. కానీ నా బల్ల మీదకు వచ్చే కళాశాలల కరపత్రాలు చూస్తే, చాలాచోట్ల బోర్డు మారింది గానీ పాఠం చెప్పేవారు మారలేదు. ఏ కళాశాలకైనా వెళ్లి, ఈ బ్రాంచి పాఠాలు ఎవరు చెబుతున్నారు, ప్రయోగశాలలో ఏముంది అని అడగండి. జవాబుకు ముందు టీ వస్తుంది. నాలుగేళ్ల తర్వాత ఏ పని మనిషి చేతిలో ఉంటుందో, ఏది యంత్రం చేతికి పోతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇష్టంతో చేరినవాళ్లు ఎలాగోలా నిలదొక్కుకుంటారు. తోసి చేర్పించినవాళ్లు మూడో ఏడాదిలో మిగిలిపోయిన సబ్జెక్టుల జాబితా పట్టుకుని నా దగ్గరకే వస్తారు, అప్పుడు తండ్రులు కారులోంచి దిగరు.

బెల్ చెప్పిన "జ్ఞానం" అంటే కంప్యూటర్ ఒక్కటే అనుకోవడం మన పొరపాటు. పైగా ఆయన వరుస మన దగ్గర తిరగబడింది. పొలం, తర్వాత ఫ్యాక్టరీ, తర్వాత ఆఫీసు అన్నది పడమటి దేశాల దారి. మన పిల్లలు వేరుశనగ చేలోంచి నేరుగా బెంగళూరు ఆఫీసులకు బస్సెక్కారు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది ఆ తర్వాత, 2019లో. దేశం మొత్తంలో ఇప్పటికీ పదిమంది పనిచేసేవారిలో నలుగురికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారు, ఆదాయంలో సగానికి పైగా మాత్రం సేవల నుంచి వస్తోంది. ఆ పుస్తకాల్లో లేని సమాజం మనది. దాన్ని చదవడానికి మనుషులు కావాలి, గుంతకల్లు అమ్మాయి ఎందుకు పనికిరాదు?

సోషియాలజీకి గొడుగు పట్టడం లేదు నేను. ఒట్టి బీఏతో ఆగితే ఉద్యోగం దొరకడం కష్టమే. పీజీ తప్పదు, ఇంగ్లీషులో లావుపాటి పుస్తకాలు చదివే ఓపిక తప్పదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత అయిదేళ్ల ఎంఏ ఉంది, మొదట అది ప్రయత్నించమనండి. ఎంపీసీ లెక్కలు వృథా అవుతాయని బెంగపడకండి. ఇంగిల్‌హార్ట్ ప్రశ్నల్లాంటివే వేసే ప్రపంచ విలువల సర్వే 1981 నుంచి దేశదేశాల్లో జరుగుతోంది, అందులోని జవాబుల రాశిని విడమరచేది గణాంకశాస్త్రమే. లెక్కలు వచ్చిన సోషియాలజీ విద్యార్థికి సర్వేల్లో, పరిశోధన సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో గిరాకీ ఉంటుంది. అధ్యాపక వృత్తి, గ్రూప్స్, సివిల్స్ దారులు ఎటూ తెరిచే ఉంటాయి. మొదటి జీతం ఇంజనీరు జీతంకంటే తక్కువే రావచ్చు. ఆ మాట అమ్మాయికీ ఇప్పుడే చెప్పండి. డబ్బు ముఖ్యం కాదని ఆమె అంటే, ఇన్నేళ్లూ ఆ మాట అనాల్సిన అవసరం లేకుండా చూసిందెవరో ఒకసారి గుర్తుచేయండి, అది మీ హక్కు.

పాస్‌వర్డు దాచుకోవడం మాత్రం మీ హక్కు కాదు. ర్యాంకు తెచ్చుకున్న పిల్లకు తెలియకుండా ఆమె పేరు మీద ఆప్షన్లు పెట్టడాన్ని ప్రేమ అనరు. ఈ రాత్రి భోజనాలయ్యాక ఆ నాలుగు వాక్యాలూ రెండు కాగితాల మీద రాసి, ఒకటి మీరు, ఒకటి ఆమె నింపండి. తర్వాత పాస్‌వర్డు ఆమె చేతికి ఇచ్చి, పక్కన కూర్చోండి.