మాడ్యూల్‌కు ఖాతాదారు పేరు తెలియాలా?

ప్రశ్న: మేము ఆస్పత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాము. మాడ్యూళ్లు అందరికీ ఒకటే అయినా, ఒక్కో ఆస్పత్రి ఒక్కో మార్పు అడగడంతో కోడ్ నిండా షరతులు చేరిపోయాయి. ఏది దేనితో కలిసి పనిచేస్తుందో చెప్పగలిగినవారు మా బృందంలో ఒకరిద్దరే ఉన్నారు. ఏయే ఫీచర్లు ఉన్నాయో, ఏది దేనితో కలుస్తుందో చూపే ఫీచర్ మోడల్ గీసుకుంటే ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా ఉంటుంది. అయితే ఆ మోడల్ గోడమీద పటంగా మిగిలిపోకుండా, బిల్డ్‌ను, అంటే కోడ్ నుంచి తుది ఉత్పత్తిని తయారుచేసే ప్రక్రియను, నడిపించేదిగా ఉండాలి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి 1990లో క్యో కాంగ్ బృందం వెలువరించిన ఫోడా (ఫీచర్ ఓరియెంటెడ్ డొమైన్ అనాలిసిస్) నివేదికతో ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. తప్పనిసరి ఫీచర్లు, ఐచ్ఛికాలు, కొన్నింటిలో ఒకటే ఎంచుకోవలసినవి అంటూ చెట్టు గీయడం తేలికే. అసలు శ్రమంతా కొమ్మకూ కొమ్మకూ మధ్య ఉండే నిబంధనలను రాయడంలో ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 33 ఐచ్ఛిక ఫీచర్లు ఉంటే చాలు, వాటి కలయికలు 858 కోట్లు దాటుతాయి. అన్నింటినీ పరీక్షించడం ఎవరి తరమూ కాదు కనుక, చెల్లని కలయికలను ముందే తోసిపుచ్చే నిబంధనలే మీకు రక్ష.

ఆ నిబంధనలను రాసే తీరులోనూ జాగ్రత్త అవసరం. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రభాగమైన కెర్నెల్‌లో వేలకొద్దీ ఐచ్ఛికాలను కేకాన్ఫిగ్ అనే భాషలో రాస్తారు. అందులో 'డిపెండ్స్ ఆన్' అంటే ఫలానాది ఉంటేనే ఇది ఎంచుకోవచ్చునని. 'సెలెక్ట్' అంటే ఇది ఎంచుకుంటే ఫలానాది కూడా బలవంతంగా చేరుతుందని. ఈ రెండోది, తాను చేర్చే ఫీచర్‌కు ఉన్న షరతులను పట్టించుకోదు. మీ సాఫ్ట్‌వేర్‌లో నగదురహిత బీమా ఫీచర్ ముందస్తు అనుమతి మాడ్యూల్‌ను 'సెలెక్ట్' చేస్తుందనీ, ఆ మాడ్యూల్ ఆన్‌లైన్ అనుసంధానంపై ఆధారపడుతుందనీ అనుకోండి. ఆ అనుసంధానం తీసుకోని ఆస్పత్రిలో కూడా ముందస్తు అనుమతి మాడ్యూల్ వచ్చి కూర్చుంటుంది. అందుకే సొంత షరతులేవీ లేని ఫీచర్లకే 'సెలెక్ట్' వాడమని కెర్నెల్ పత్రాలు సలహా ఇస్తాయి.

ఇక కోడ్ సంగతి. ఫిలిప్స్ సంస్థ టీవీల సాఫ్ట్‌వేర్ కోసం రూపొందించుకున్న కోఆలా పద్ధతి నాకు ఇప్పటికీ ఆదర్శంగానే తోస్తుంది. అందులో కాంపోనెంట్ (సాఫ్ట్‌వేర్‌లోని విడి భాగం) తన రూపాన్ని తానే నిర్ణయించుకోదు. తనకు కావలసిన సేవలను బయటినుంచి కోరినట్టే, తేడాలకు సంబంధించిన విలువలను కూడా ఒక ఇంటర్‌ఫేస్ ద్వారా బయటినుంచే కోరుతుంది. ఆ కాంపోనెంట్‌ను తనలో ఇముడ్చుకున్న పెద్ద కాంపోనెంట్ ఆ విలువలను అందిస్తుంది. విలువ కంపైల్ సమయానికే, అంటే కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే సమయానికే, ఖాయమైతే, అక్కరలేని దారికి చెందిన కోడ్ ఉత్పత్తిలోకి చేరదు.

కనుక ముందుగా మీ మాడ్యూళ్లలో ఆస్పత్రి పేరును పరీక్షించే షరతులన్నింటినీ వెతికి, ఆ స్థానంలో ఫీచర్ పేరు పెట్టండి. ఏ ఆస్పత్రి ఏ ఫీచర్లు తీసుకుందో విడిగా ఒకే ఫైల్‌లో ఉంచి, నిబంధనలకు విరుద్ధమైన ఎంపిక కనిపిస్తే బిల్డ్ అక్కడికక్కడే ఆగిపోయేలా చూడండి.